ఏ కణంలో అని అడగాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. పగలు జూనియర్ కాలేజీ, సాయంత్రం ఎంసెట్ కోచింగ్. తర్వాత మెడిసిన్‌కు ఎంసెట్ పోయి నీట్ వచ్చింది గాని, హార్మోన్ల చాప్టర్ మాత్రం ఎక్కడికీ పోలేదు. రిటైరయ్యాక ఎల్బీనగర్ దగ్గరి కాలనీకి మారాం. ఇక్కడ నన్ను అడిగేవాళ్లు మార్కుల కోసం అడగరు. బయాప్సీ రిపోర్టో, మందుల చీటీయో, కూతురి స్కానింగ్ కాగితమో చేత్తో పట్టుకుని వస్తారు. నేను డాక్టరును కాను, మందులు చెప్పను. కాగితం మీదున్న మాటకు ఒంట్లో అర్థం ఏమిటో మాత్రం చెబుతాను. ఇన్నేళ్లుగా చెప్పగా చెప్పగా నాలో గట్టిపడిన సంగతులివి. అన్నీ ఈస్ట్రోజెన్ చుట్టూ తిరిగేవే.

1. "అది మంచిదా, చెడ్డదా మేడం?" అంటే జవాబు లేదు.

అందరూ మొదట అడిగేది ఇదే. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లకు ఈస్ట్రోజెన్ శత్రువని చెప్పి ఉంటారు. నెలసరి ఆగిపోయి ఒళ్లు సెగలు కక్కుతున్నవాళ్లకు అది లేకనే ఈ బాధలన్నీ అని చెప్పి ఉంటారు. ఇద్దరికీ చెప్పింది నిజమే. రొమ్ములో అది గ్రంథి కణాలను విభజన చెందిస్తుంది. ఎముకలో, ఎముకను అరగదీసే కణాల ఆయుష్షు తగ్గిస్తుంది. గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. కాలేయం చేత రక్తం గడ్డకట్టే ప్రోటీన్లను ఎక్కువ చేయిస్తుంది. రక్తనాళం లోపలి గోడలో నైట్రిక్ ఆక్సైడ్ పుట్టించి నాళాన్ని వదులు చేస్తుంది. ఇన్ని పనులు చేసే ఎస్ట్రడయోల్, అంటే ఒంట్లోని ముఖ్యమైన ఈస్ట్రోజెన్, ఒకటే అణువు. 18 కార్బన్లు, అణుభారం 272. అది ఏ అవయవానికి వెళ్లినా అదే రూపంలో వెళ్తుంది. తేడా అంతా అందుకునే కణంలో ఉంది.

క్లాసులో దీనికి నేను కోడి ఉదాహరణ చెప్పేదాన్ని. గుడ్డు పచ్చసొనకు కావలసిన విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ పెట్ట అండాశయంలో తయారు కాదు, కాలేయంలో తయారవుతుంది. ఈస్ట్రోజెన్ అందితేనే ఆ కాలేయం దాన్ని చేస్తుంది. పుంజుకు ఈస్ట్రోజెన్ ఎక్కిస్తే పుంజు కాలేయం కూడా విటెల్లోజెనిన్ చేసి రక్తంలోకి వదులుతుంది. జన్మలో గుడ్డు పెట్టని జీవి, అయినా సొన ప్రోటీన్! ఇక్కడికి రాగానే చివరి బెంచీ కూడా తలెత్తేది. పుంజు కాలేయ కణంలో ఆ జన్యువు ఉంది, దాన్ని చదివే ఏర్పాటూ ఉంది. లేనిది హార్మోన్ ఒక్కటే. అదే ఈస్ట్రోజెన్‌ను పెట్ట కండరానికి ఎంత పోసినా సొన ప్రోటీన్ రాదు. ఆ కణంలోనూ జన్యువు ఉంది కానీ, డీఎన్ఏలో ఆ భాగం గట్టిగా చుట్టుకుని మూసుకుపోయి ఉంది. ఈ ఒక్క ఉదాహరణ అర్థమైన పిల్లలకు తర్వాత చాప్టరంతా తేలికైపోయేది.

2. ప్రయాణం మొత్తం తెలియాలి, ముక్కలు తెలిస్తే చాలదు.

ఆబ్జెక్టివ్ ప్రశ్నల చదువులో పిల్లలకు ముక్కలే వస్తాయి. "స్టెరాయిడ్ హార్మోన్ గ్రాహకం ఎక్కడ?" అంటే "కణం లోపల" అని టిక్కు పెడతారు. అది లోపలికి ఎలా వెళ్తుంది, వెళ్లి ఏం చేస్తుంది అంటే నోరు పెగలదు. అందుకే నేను కథ మొత్తం చెప్పేదాన్ని.

మొదలు కొలెస్టరాల్. అందరూ భయపడే ఆ పదార్థం లేకపోతే ఈ హార్మోన్లే లేవు. దాని 27 కార్బన్లను ఒక్కో ఎంజైమ్ తెగ్గోస్తూ వస్తే చివరికి 18 మిగులుతాయి. అండాశయంలో ఈ పని రెండు రకాల కణాలు పంచుకుంటాయి. ఫాలికిల్ బయటి వరసలోని థీకా కణాలు ఆండ్రోజెన్ చేస్తాయి, అంటే మనం మగ హార్మోన్ అనేది. లోపలి గ్రాన్యులోసా కణాలు అరోమటేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని ఈస్ట్రోజెన్‌గా మారుస్తాయి. ఆడవాళ్ల ఒంట్లో ప్రతి ఈస్ట్రోజెన్ అణువూ ఒకప్పుడు ఆండ్రోజెనే. ఈ అరోమటేజ్ కొవ్వులోనూ, ఎముకలోనూ, మెదడులోనూ ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

రక్తంలో పడ్డాక చాలా భాగం ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది. విడిగా తిరిగేది నూటికి రెండు పాళ్లు, అటూ ఇటూ. ఆ కాస్తే కణంలోకి దూరగలదు. కొవ్వులో కరిగే అణువు కాబట్టి కణపొర దాన్ని ఆపలేదు. ఇన్సులిన్‌కు ఆ వీలు లేదు, అది పొర బయటే ఆగి తన సంగతి లోపలికి చేరవేయాలి.

లోపల, ఎక్కువగా కేంద్రకంలోనే, ఈస్ట్రోజెన్ను అందుకునే ప్రోటీన్, అంటే ఈస్ట్రోజెన్ గ్రాహకం (ఈఆర్) ఉంటుంది. మొదట కనుక్కున్న ఆల్ఫా రకంలో 595 అమైనో ఆమ్లాలు. హార్మోన్ రానంతసేపు హీట్ షాక్ ప్రోటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. హార్మోన్ అందులో కుదురుకోగానే అవి వదిలేస్తాయి, గ్రాహకం ఆకారం మారుతుంది, ఇలాంటివి రెండు జతకడతాయి. ఆ జత జింకు పరమాణువులతో నిలబడ్డ రెండు వేళ్లలాంటి భాగాలతో డీఎన్ఏను తడుముతూ ఒక ప్రత్యేకమైన అక్షరాల వరసను వెతుకుతుంది. జీజీటీసీఏ, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, తర్వాత టీజీఏసీసీ. దొరికిన చోట కూర్చుని, సహాయక ప్రోటీన్లను పిలుస్తుంది. అవి అక్కడి డీఎన్ఏ చుట్టను వదులు చేస్తే, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ వచ్చి జన్యువును చదవడం మొదలుపెడుతుంది. ఎంఆర్ఎన్ఏ తయారవుతుంది, రైబోజోమ్‌కు వెళ్తుంది, కొత్త ప్రోటీన్ పుడుతుంది. పని అయ్యాక ఆ గ్రాహకాన్ని కణమే ముక్కలు చేసేస్తుంది, అందువల్ల సందేశం అంతులేకుండా సాగదు.

ఇదంతా క్షణాల్లో జరిగేది కాదు. జన్యువు మీద కూర్చోవడానికి నిమిషాలు, ప్రోటీన్ రావడానికి గంటలు, కణం విభజన చెందడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. హార్మోన్ మాత్ర వేసుకున్న మర్నాడే గుణం కనబడలేదని మానేసేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతాను.

3. తాళం, తాళంచెవి అన్న పోలిక సగం దూరమే తీసుకెళ్తుంది.

హార్మోన్ తాళంచెవి, గ్రాహకం తాళం అని అన్ని గైడ్లలో ఉంటుంది. మొదటి రోజు చెప్పడానికి బాగుంటుంది. ఈ తాళంలో మాత్రం చెవి పెడితే తాళమే ఆకారం మార్చుకుంటుంది. గ్రాహకం చివర హెలిక్స్ 12 అనే చిన్న మెలిక ఉంది. ఎస్ట్రడయోల్ లోపల కూర్చుంటే ఆ మెలిక దాని మీద మూతలా పడి, సహాయక ప్రోటీన్లు వచ్చి పట్టుకోవడానికి అనువైన గాడి బయటపడుతుంది. రొమ్ము కేన్సర్కు వాడే టమోక్సిఫెన్ లాంటి మందు కూర్చుంటే, దానికున్న పొడవైన తోక అడ్డుపడి మెలిక మూసుకోదు. పక్కకు జరిగి ఆ గాడిలోనే పడుకుంటుంది. సహాయకులకు చోటుండదు, జన్యువు చదవడం ఆగిపోతుంది. 1997, 98ల్లో ఎక్స్‌రే స్ఫటిక చిత్రాలతో దీన్ని కంటికి కనబడేలా చూపారు.

అయితే ఇదే టమోక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటూ, ఎముకలోనూ గర్భసంచి పొరలోనూ ఈస్ట్రోజెన్ పనే చేస్తుంది. చాలాకాలం ఇది ఎవరికీ అంతుపట్టలేదు. 2002లో షాంగ్, బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు గర్భసంచి పొర కణాల్లో ఎస్ఆర్‌సీ-1 అనే సహాయక ప్రోటీన్ ఎక్కువగా ఉండటమే కారణమని చూపారు. మందూ ఒకటే, గ్రాహకమూ ఒకటే. కణంలో తోడున్నవాళ్లు వేరు. అందుకే టమోక్సిఫెన్ వాడుతున్న అమ్మలకు నేను తప్పకుండా చెప్పే మాట ఒకటుంది. నెలసరి ఆగిపోయాక మళ్లీ కొంచెం రక్తం కనబడినా దాచుకోవద్దు, ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

4. వియన్నాలో ఐదుగురు విన్న ఉపన్యాసం.

ర్యాంకు రాలేదని ఏడ్చే పిల్లలకు ఈ కథ చెప్పేదాన్ని. 1950ల్లో ఈస్ట్రోజెన్ ఎంజైమ్‌ల చేతిలో మారుతూ పనిచేస్తుందని పెద్దలందరూ నమ్మేవారు. షికాగోలో ఎల్‌వుడ్ జెన్సన్, హెర్బర్ట్ జాకబ్సన్ కలిసి, ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఎస్ట్రడయోల్‌ను చిన్న ఆడ ఎలుకలకు ఇచ్చి, అది ఎక్కడికి పోతుందో వెతికారు. కండరంలోకి వచ్చి వెళ్లిపోయింది. గర్భాశయంలో మాత్రం నిలిచిపోయింది, అదీ రసాయనికంగా ఏ మార్పూ లేకుండా. అంటే దాన్ని పట్టి ఉంచేది ఏదో అక్కడ ఉంది. 1958లో వియన్నాలో జెన్సన్ ఈ సంగతి చెబితే వినడానికి వచ్చినవారు ఐదుగురు. అందులో ముగ్గురు అదే సభలో మాట్లాడాల్సిన వక్తలు. ఆ పట్టి ఉంచేదే ఈస్ట్రోజెన్ గ్రాహకం. 1986లో షాంబోన్ బృందం, గ్రీన్ బృందం దాని జన్యువును పూర్తిగా చదివాయి. 1996లో స్వీడన్‌లో గుస్తాఫ్సన్ బృందం బీటా అనే రెండో గ్రాహకాన్ని కనుక్కుంది. 2004లో జెన్సన్‌కు లాస్కర్ బహుమతి వచ్చింది.

ఈ వరసలో మన తెలుగు ఇంటిపేరు కూడా ఒకటి ఉంది. 2001లో పెల్ప్-1 అనే సహాయక ప్రోటీన్‌ను వేరుచేసి వర్ణించినవారు రత్న వడ్లమూడి. తర్వాత టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పనిచేస్తూ, గ్రాహకానికీ సహాయకులకూ మధ్య చేతులు కలవకుండా అడ్డుకునే ఈఆర్ఎక్స్-11 అనే అణువు మీద 2017లో పరిశోధన వెలువరించిన బృందంలోనూ ఉన్నారు. హార్మోన్‌నూ గ్రాహకాన్నీ వదిలి, సహాయకుల మీద గురిపెట్టడం నాకు ఎంతో నచ్చిన ఆలోచన.

5. రిపోర్టులో "ఈఆర్ పాజిటివ్" అని ఉంటే అది ఒక దారి దొరికిందన్న వార్త.

పాజిటివ్ అన్న మాట చూసి కుప్పకూలిన వాళ్లను చూశాను. హైదరాబాద్ ఆడవాళ్లలో అన్నిటికంటే ఎక్కువ వచ్చే కేన్సర్ రొమ్ము కేన్సర్. గడ్డ ముక్క తీసి పరీక్షించినప్పుడు నూటికి ఒక్క కణంలోనైనా ఈస్ట్రోజెన్ గ్రాహకం రంగు తేలితే పాజిటివ్ అంటారు. ఆ గడ్డ ఈస్ట్రోజెన్ మాట వింటుందని దానర్థం. మాట వినేదాన్ని మాట అందకుండా చేసి అణచవచ్చు.

1896లో గ్లాస్గో సర్జన్ జార్జ్ బీట్సన్ అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము గడ్డ కరగడం చూశాడు. ఎందుకో ఆయనకు తెలియదు. అందరిలో ఎందుకు కరగలేదో అంతకన్నా తెలియదు. జెన్సన్ గ్రాహకం దొరికాకే ఆ రెండు ప్రశ్నలకూ జవాబొచ్చింది. టమోక్సిఫెన్‌ను 1962లో ఇంగ్లండ్‌లో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త గర్భనిరోధకం కోసం తయారు చేసింది. ఆ పనికి అది పనికిరాలేదు, పైగా అండం విడుదలయ్యేలా చేసింది. 1970ల నుంచి రొమ్ము కేన్సర్‌లో వాడుకలోకి వచ్చి లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టింది. ఐదేళ్లు, కొందరికి పదేళ్లు వేసుకోవాలి. రెండేళ్లకే బాగున్నాననుకుని మానేస్తానంటే నేను ఊరుకోను. కూర్చోబెట్టి హెలిక్స్ 12 బొమ్మ గీసి చూపిస్తాను. మందు ఆ గూట్లో లేనిరోజు ఆ చోటు ఖాళీ, ఈస్ట్రోజెన్ వచ్చి కూర్చుంటుంది.

6. ఒకే మాత్ర, రెండు ఇళ్లు.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన నడిస్తే సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు వరసగా కనిపిస్తాయి. అక్కడ మందు రాయించుకున్న అమ్మాయి ఫోన్‌లో చూసి, "ఇది కేన్సర్ మందంట మేడం, నాకెందుకిచ్చిండ్రు?" అని వణికిపోతూ వచ్చింది. మందు లెట్రోజోల్. పై వీధిలో అరవై దాటిన ఒక పెద్దావిడ కూడా రోజూ అదే వేసుకుంటుంది, రొమ్ము కేన్సర్‌కు.

రెండో పాఠంలో అరోమటేజ్‌ను గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. లెట్రోజోల్ అరోమటేజ్‌ను ఆపుతుంది. నెలసరి ఆగిపోయిన పెద్దావిడకు అండాశయం పనిచేయదు గాని కొవ్వులోని అరోమటేజ్ ఇంకా కొంత ఈస్ట్రోజెన్ చేస్తుంది. దాన్ని కూడా ఆపితే గడ్డకు ఆహారం ఉండదు. వయసులో ఉన్న అమ్మాయికి నెలలో ఐదు రోజులే ఇస్తారు. ఈస్ట్రోజెన్ కాస్త తగ్గిందని ఆమె మెదడు గ్రహించి, అండాన్ని ఎదిగించే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ పెంచుతుంది, అండం ఎదుగుతుంది. క్లోమిఫెన్ అనే మందు ఇంకో దారిలో అదే పని చేస్తుంది, మెదడులోని గ్రాహకాన్ని మూసేసి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో లెట్రోజోల్ మెరుగని 2014లో అమెరికాలో పెద్ద పరిశోధన తేల్చింది. మన దేశంలో సంతానం కోసం దీన్ని వాడటాన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇదంతా విన్నాక ఆ అమ్మాయి మాత్ర వేసుకుంది.

7. గర్భసంచి తీయించుకునే ముందు అండాశయాల సంగతి అడగాలి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇది, కాబట్టి కాస్త నిలబడి చెబుతాను.

మా కాలనీకి నల్లగొండ వైపు నుంచి, పాలమూరు నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లలో చాలామందికి నలభై నిండకుండానే గర్భసంచి ఉండదు. "తెల్లబట్ట అయితుండె మేడం, కేన్సర్ అయితదని తీసేసిండ్రు" అంటుంది ఒకామె. ఏ ఊళ్లో, ఎవరు తీశారన్నది నాకు అనవసరం. ఇది ఒక్కరి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో ఆపరేషన్ అయిన ఆ ఆడవాళ్లలో సగం మందికి అది 34 ఏళ్లకో, అంతకు ముందో జరిగిపోయింది. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ పల్లెల్లో తిరిగి ఈ అవసరం లేని ఆపరేషన్ల గురించి ఏనాడో గొంతెత్తారు. రాజస్థాన్ నుంచి డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది.

ఆపరేషన్ కొందరికి నిజంగా అవసరమే. పెద్ద గడ్డలు, ఆగని రక్తస్రావం, కేన్సర్ ఉన్నచోట అది ప్రాణం కాపాడుతుంది. నేనడిగే ప్రశ్న వేరే. "అండాశయాలు ఉంచారా, తీసేశారా?" ఎవరికీ తెలియదు. గర్భసంచి తీశారంటే అన్నీ పోయాయనే అనుకుంటారు. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి రాదు గాని అండాశయాలు ఈస్ట్రోజెన్ చేస్తూనే ఉంటాయి, కొందరిలో ఒకట్రెండేళ్లు ముందుగా ఆగుతాయంతే. రెండు అండాశయాలూ తీస్తే ఆ రోజు సాయంత్రానికే ఎస్ట్రడయోల్ పడిపోవడం మొదలవుతుంది. సహజంగా మన ఆడవాళ్లకు 46, 47 ఏళ్లకు, అదీ కొన్నేళ్ల పాటు మెల్లగా జరగాల్సింది, 34 ఏళ్ల ఒంటికి ఒక్కసారి జరుగుతుంది.

అప్పుడు కణాల్లో ఏమవుతుందో చూడండి. ఎముకలో ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకను కరిగిస్తాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. ఈస్ట్రోజెన్ ఉన్నప్పుడు కరిగించే కణాలు తమ పని చేసి తొందరగా చనిపోతాయి. అది లేకపోతే ఎక్కువ రోజులు బతికి, కట్టేదానికంటే ఎక్కువ తవ్వేస్తాయి. మెదడు అడుగున హైపోథాలమస్‌లో కిస్‌పెప్టిన్, న్యూరోకినిన్-బి తయారుచేసే నాడీకణాలున్నాయి. ఈస్ట్రోజెన్ వాటిని అదుపులో ఉంచేది. ఆ అదుపు తీసేస్తే అవి ఉబ్బి, ఒంటి వేడిని నియంత్రించే పక్క కేంద్రాన్ని రెచ్చగొడతాయి. మాఘమాసం చలిలో కూడా ఒంట్లోంచి సెగలు, చెమటలు. ఇది మనసు బలహీనత అని మొగుడో అత్తో తేలిగ్గా తీసేస్తే నాకు కోపం వస్తుంది. ఆ కణాలను శాస్త్రవేత్తలు మైక్రోస్కోపు కింద కొలిచారు. ఆ న్యూరోకినిన్-బి దారిని మూసే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికా అనుమతి కూడా ఇచ్చింది.

కాబట్టి ప్రతి ఒక్కరికీ చెబుతాను. డిశ్చార్జి కాగితం పారేయకండి. అందులో "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారు. పక్కన "బీఎస్ఓ" అని ఉంటే రెండు వైపులా అండాశయాలు, నాళాలు కూడా తీశారు. 45 లోపు బీఎస్ఓ అయినవాళ్లు, రొమ్ము కేన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ఆగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజెన్ వేసుకోవాలా అని గైనకాలజిస్టును తప్పక అడగాలి. ఎముక సాంద్రత పరీక్ష గురించీ అడగాలి. మా దగ్గర పనిచేసే ఆమె కాగితం ట్రంకుపెట్టె అడుగున దొరికింది. బీఎస్ఓ అని ఉంది. ముప్పై ఆరేళ్ల మనిషి. ఆమెను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను.

8. 2002 నాటి భయం ఇంకా పోలేదు.

హార్మోన్ అనగానే "కేన్సర్ వస్తుందట" అంటారు. ఆ మాట ఎక్కువగా అమెరికాలోని డబ్ల్యూహెచ్ఐ పరిశోధన నుంచి వచ్చింది. 2002 జూలైలో ఆపేసిన భాగంలో 16,608 మంది గర్భసంచి ఉన్న ఆడవాళ్లు ఉన్నారు. సగటు వయసు 63. వాళ్లలో మందు వేసుకున్నవాళ్లకు ఇచ్చింది ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్. రొమ్ము కేన్సర్ కొంచెం పెరిగింది. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో రొమ్ము కేన్సర్ పెరగలేదు. పక్షవాతం మాత్రం పెరిగింది. ఇక్కడా కణం సంగతే. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇస్తే ఆ పొర అదుపు లేకుండా పెరుగుతుంది, అందుకని ప్రొజెస్టిన్ కలుపుతారు. నోటి మాత్ర పేగు నుంచి నేరుగా కాలేయానికి వెళ్లి గడ్డకట్టే ప్రోటీన్లు పెంచుతుంది, చర్మానికి రాసే జెల్ ఆ దారి తప్పిస్తుంది. 63 ఏళ్లవారి ఫలితం చూసి 36 ఏళ్లామెకు మందు వద్దనడం సరికాదు.

9. మగపిల్లలూ ఇది మీ పాఠం కూడా.

1994లో వైద్య పత్రికలో ఒక మగమనిషి గురించి వచ్చింది. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకలు ముసలివాళ్లంత గుల్లగా ఉన్నాయి. టెస్టోస్టిరాన్ మామూలే. ఒంట్లో ఈస్ట్రోజెన్ కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. చదివే ఆల్ఫా గ్రాహకం మాత్రం పాడైపోయింది. మగవాళ్ల ఎదుగుదలను ఆపి, ఎముకను గట్టిపరిచేది కూడా ఈస్ట్రోజెనే. హాస్టల్ కుర్రాళ్లు మీల్ మేకర్ కూర తింటే ఆడతనం వస్తుందని పక్కనబెడతారు. సోయాలో ఉన్న జెనిస్టీన్ గ్రాహకానికి అంటుకుంటుంది, అదీ ఎక్కువగా బీటాకు, బలహీనంగా. మగవాళ్ల మీద చేసిన పరిశోధనల్లో టెస్టోస్టిరాన్ తగ్గలేదు. తినండి నాయనా, మెస్సులో ప్రోటీన్ దొరికేదే తక్కువ.

10. రిపోర్టులో అంకె చూసే ముందు తేదీ చూడండి.

ఎస్ట్రడయోల్‌ను పికోగ్రాముల్లో కొలుస్తారు, గ్రాములో లక్ష కోట్లో వంతు. అంత తక్కువే గ్రాహకానికి చాలు. నెలసరి రెండో రోజు 50 లోపు ఉన్న ఆమెకే అండం విడుదలకు ముందు 300 దాటవచ్చు. "నాకు తక్కువుంది" అని ఏడ్చే అమ్మాయిని నేను మొదట అడిగేది రక్తం ఏ రోజు ఇచ్చావు తల్లీ అని.

11. మన దేశం చేసిన మందు ఒకటుంది, పిల్లలకు చెప్పండి.

లక్నోలోని సీడీఆర్ఐలో నిత్యానంద్ బృందం సెంట్‌క్రోమాన్ అనే అణువును తయారు చేసింది. టమోక్సిఫెన్ కుటుంబమే, స్టెరాయిడ్ కాదు. కొన్ని కణాల్లో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకుంటుంది, కొన్నిటిలో దాని పని చేస్తుంది. 1991లో సహేలీ పేరుతో గర్భనిరోధక మాత్రగా వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం ఛాయా పేరుతో ఉచితంగా ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకటి. అండం విడుదలను సాధారణంగా ఆపదు, గర్భసంచి పొర పిండాన్ని నిలుపుకోకుండా చేస్తుంది. కోచింగ్ పుస్తకాల్లో సహేలీ ఒక మార్కు ప్రశ్న. దాని వెనక ఇంత కణశాస్త్రం ఉందని ఎవరూ చెప్పరు.

12. పుస్తకంలో ఉన్నది ఇంకా పూర్తి కాలేదు.

ఈస్ట్రోజెన్ కేంద్రకంలోనే పనిచేస్తుందని చెప్పాను. రక్తనాళంలో మాత్రం నిమిషాల్లో నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, జన్యువు చదివేంత సమయమే ఉండదు. కణపొర దగ్గర కొన్ని ఆల్ఫా గ్రాహకాలు ఉండి ఆ పని చేస్తాయి. 2005లో జీపీఈఆర్ అనే మరో గ్రాహకాన్ని కూడా చేర్చారు. ఒంట్లో దాని అసలు పాత్ర ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఈ ప్రశ్నలు మిగిలి ఉన్నాయని పిల్లలకు తెలియడం నాకు చాలా ముఖ్యం. ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా బస్సెక్కితే హబ్సిగూడలో సీసీఎంబీ ఉంది. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం, ఆ రోజుల్లో బడిపిల్లలకు తలుపులు తీస్తారు. బైపీసీ చదివే మనవరాలుంటే తీసుకెళ్లండి. అక్కడి పరిశోధక విద్యార్థులు ఓపిగ్గా మైక్రోస్కోపులో కణం చూపిస్తారు. జన్యువు అన్ని కణాల్లోనూ ఉన్నప్పుడు ఒక్కో కణం ఒక్కో భాగాన్నే ఎలా తెరుస్తుందని అడగమని ముందే చెప్పి తీసుకెళ్లండి.